రెండు ఊళ్ల గుట్ట మీద సైకిలు బాట

మా తమ్ముడి కూతురు సునంద సిరిసిల్ల కోడలు. అక్కడికి దగ్గర్లో ఒక గుట్ట మీద సైకిళ్ల కోసం పార్కు కడుతోందని విన్నప్పుడు, పిల్లలు మూడు చక్రాల బండ్లు తొక్కే సిమెంటు గచ్చు ఏదో పోయిస్తోందనుకున్నాను. అది కాదట. లావు టైర్లూ గేర్లూ ఉన్న సైకిళ్ల మీద రాళ్లూ మలుపులూ దాటుకుంటూ గుట్ట పైనుంచి కిందికి దిగుతారట. అందుకోసం హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ జనం డబ్బిచ్చి మరీ వస్తారట. గుట్ట కింది ఊరివాళ్లు వద్దంటున్నారని, కాలేజీ మేష్టారొకరు పర్యావరణం పేరుతో బోర్డులు పెట్టించారని, పని ఆగేలా ఉందని ఫోనులో చెప్పింది. "ఉన్నప్పుడే వచ్చి చూడు అత్తయ్యా" అంది.

అది 2011 సెప్టెంబరు. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె రెండో వారంలో పడింది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. తెనాలి మనిషికి ఈ రోజుల్లో అక్కడేం పని అని మా వీధిలో అందరూ అడిగారు. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. డెబ్బై ఒకటో ఏట ప్రయాణాన్ని ఇంకో ఏడాదికి వాయిదా వెయ్యడమే ఎక్కువ ప్రమాదంగా తోచింది. దొరికిన రైలూ, జీపులూ పట్టుకుని బయలుదేరాను.

జగిత్యాల

జగిత్యాలలో నాతో బి.ఎడ్. చదివిన లలితమ్మ ఉంది. ఆమె ఇంట్లో ఒక రాత్రి ఉన్నాను. రాత్రి భోజనానికి బదులు సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ కలిపి, గిన్నె అడుగుకే అద్ది కాలుస్తారు. మధ్యలో వేలితో చిల్లులు పెట్టి నూనె పోస్తారు. మన తపాలచెక్క లాంటిదే కానీ ఇక్కడివాళ్లు వెల్లుల్లి దండిగా వేస్తారు. రెండు తిన్నాను. మూడోది లలితమ్మ బలవంతాన తిన్నాను.

మర్నాడు పొద్దున గడియారం స్తంభం దగ్గర నా ఎడమ చెప్పు తెగింది. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. గొడుగు కింద చెప్పులు కుట్టే ఆయన ఒక్కడు మాత్రం కూర్చుని ఉన్నాడు.

"బందు కాదా మీకు?" అని అడిగాను.

"బందే. దుకాణం తెరువలే. ఊకె కూసున్న" అన్నాడు. నా చెప్పు తీసుకుని సూది గుచ్చుతూ, "చెప్పు బందు సూసుకొని తెగుతదా అవ్వా" అన్నాడు.

మా ఊళ్లో పది రూపాయలు తీసుకుంటారు. ఆయన అయిదు తీసుకున్నాడు. రెండో చెప్పు కూడా రేపో మాపో తెగేలా ఉందని చెప్పి, అడగకుండానే దానికీ రెండు కుట్లు వేశాడు.

దారిలో భోజనం

కోరుట్లకు షేరు ఆటో ఎక్కాను. మామూలు రోజుల కంటే రెండింతలు అడిగాడు. ముందు సీట్లో నలుగురు, వెనక ఏడుగురు, నా ఒళ్లో ఎవరిదో కోడి. రెండు పక్కలా మొక్కజొన్న చేలు ఎండి కోతకు వచ్చి ఉన్నాయి. పసుపు చేలు మాత్రం పచ్చగా ఉన్నాయి.

సగం దూరంలో ఆటో ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి పెద్ద పెద్ద గిన్నెల్లో వండుతున్నారు. వంటావార్పు అంటారు దీన్ని. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని, రాకపోకలు ఆపడం. ఆటోలో వాళ్లంతా దిగి సంతోషంగా బంతిలో కూర్చున్నారు. నేను ఆటోలోనే ఉండిపోయాను. నోరు విప్పితే ఏ జిల్లా దాన్నో తెలిసిపోతుందని భయం. కొంగు నడుముకి దోపుకున్న ఒకావిడ గరిటెతో దగ్గరికి వచ్చింది.

"దిగు పెద్దమ్మా, తిను."

"ఆకలిగా లేదండీ" అన్నాను. అంతే, తెలిసిపోయింది.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏ ఊరు?"

"తెనాలి."

"గంత దూరం కెల్లి అచ్చి ఆకలి లేదంటవేంది? కొట్లాట మీ సర్కారోళ్లతోని. నీతోనా?" అని చెయ్యి పట్టుకుని దింపింది. విస్తరిలో అన్నం, పుంటికూర పప్పు పడ్డాయి. పుంటికూరంటే మన గోంగూరే. "ఎట్లుంది?" అని అడిగింది. ఉన్నమాట చెప్పాను, పులుపు చాల్లేదని. బంతిలో అందరూ నవ్వారు. "ఓ లచ్చవ్వా, రాష్ట్రం ఇయ్యకుంటే మానె, పుంటికూరకు గూడ పేరు పెట్టవట్టిరి" అని ఎవరో అన్నారు. లచ్చవ్వ ఇంకో గరిటె వడ్డించింది. తిన్నాను.

కోరుట్ల

కోరుట్లలో ఖాసిం భాయ్ సైకిలు షాపు దగ్గర సునంద నన్ను కలుసుకుంటానంది. ఆ వీధిలో ఇంటింటి అరుగు మీదా ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మాట్లాడేవాళ్లు మాట్లాడుతున్నారు, పిల్లల్ని తిట్టేవాళ్లు తిడుతున్నారు. వేళ్లు మాత్రం ఆగడం లేదు.

ఖాసిం భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. సగం తెరిచిన షట్టరు కింద నుంచి నన్ను లోపలికి వంగి రమ్మని, స్టూలు తుడిచి వేశాడు. సునంద పార్కు కోసం తెప్పించిన ఆరు సైకిళ్లు ఆయనే బిగించాడు. ఒకదాన్ని చూపించి తన గోడు చెప్పుకున్నాడు.

"సూడుండ్రి అమ్మా. మడ్‌గార్డ్ లేదు, స్టాండ్ లేదు, బెల్ లేదు, క్యారేజీ లేదు. నలభై ఏండ్ల సంది సైకిళ్లు అమ్ముతున్న. ఏం లేని సైకిల్ గింత పిరం ఉంటదని గిప్పుడే తెలిసె." పిరమంటే ఖరీదు.

"కొనేవాళ్లు ఉన్నారా?"

"కొనుడేంది, కిరాయికి తీస్కుంటరట. గుట్ట ఎక్కి దిగుతరట. నా బీవీ అడిగింది, గట్ల దిగి యాడికి పోతరూ అని. యాడికీ పోరు, మల్ల ఎక్కుతరు అని చెప్పిన. నాకు దిమాక్ ఖరాబైందనుకున్నది."

అంతలో సునంద ట్రాలీ ఆటో తీసుకుని వచ్చింది. ఎండకి నల్లబడింది. అరచేతుల్లో కాయలు. ముప్పై అయిదేళ్ల పిల్ల, కాలేజీ రోజుల్లో సైకిలు పందేల్లో రాష్ట్రం తరఫున తొక్కింది. పెళ్లయి పదేళ్లు సైకిలు ముట్టలేదు. గుట్ట వాలు చూసిన రోజు నుంచి మళ్లీ నిద్ర పట్టలేదని ఆటోలో చెప్పింది. ఆరు సైకిళ్ల మధ్య ఇద్దరం ఒదిగి కూర్చున్నాం. ప్రతి గుంతకీ ఒక పెడలు నా మోకాలికి తగిలేది. రుద్రంగి దాటాక చీకటి పడుతుండగా రోడ్డు పక్కన నల్లగా గుట్ట కనిపించింది. "అదే" అంది.

సిరిసిల్ల

సిరిసిల్లలో చెవులు చిల్లులు పడతాయని, మరమగ్గాల చప్పుడుకి మొదటి రెండు రోజులు నిద్ర పట్టదని మా తమ్ముడు చెప్పి పంపాడు. నేను వెళ్లేసరికి ఊరు నిశ్శబ్దంగా ఉంది. బొగ్గు కార్మికులు కూడా సమ్మెలో ఉన్నారు కాబట్టి కరెంటు రోజుకు కొద్ది గంటలే వస్తోంది. మగ్గాల షెడ్ల ముందు మనుషులు కూర్చుని కరెంటు కోసం చూస్తున్నారు. కరెంటు రాగానే వీధి వీధంతా ఒక్కసారి మొదలవుతుంది. అది వినగానే మాట మధ్యలో వదిలేసి లోపలికి పరిగెడతారు.

సునంద భర్త రాజేశం కూడా అలాగే పరిగెత్తేవాడు. తక్కువ మాట్లాడతాడు. ఈ పార్కు కోసం రెండు మగ్గాలు అమ్మాడని సునందే చెప్పింది. ఆయన్ని అడిగితే, "పాతయి అత్తమ్మా, ఎప్పటికన్నా అమ్మేటియే" అన్నాడు.

గుట్ట కింద రాతినేల రాజేశం తండ్రి నాటిది. గుట్ట మాత్రం ఇటూ అటూ ఉన్న రెండు ఊళ్ల ఉమ్మడిది. మొదట తూర్పు ఊరివాళ్లు సరేనని తీర్మానం చేశారు. తర్వాత మేకల వాళ్లు గొడవ చేస్తే వెనక్కి తీసుకున్నారు. ఏదో ఒక ఊరి తీర్మానం లేకపోతే పార్కు తెరవడానికి లేదు. అదీ సునందకు వచ్చిపడ్డ చిక్కు. గుట్ట ఇటూ అటూ ఉన్న రెండు ఊళ్ల పేర్లు నేను రాయను. వాళ్లు రేపూ ఎల్లుండీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

బాట

శుక్రవారం పొద్దున గుట్ట ఎక్కాను. మోకాళ్ల సంగతి చెప్పను. సీతాఫలం పొదలు, తంగేడు, మధ్య మధ్య ఏనుగంత రాళ్లు. ఆ రాళ్ల మధ్య నుంచి మూడడుగుల వెడల్పున మట్టిబాట. పై నుంచి బయలుదేరి, తూర్పు వాలు అంతా అడ్డంగా సాగి, గుట్ట భుజం చుట్టూ తిరిగి, పడమటి వైపుగా నేల మీదికి దిగుతుంది. ఎక్కడా హడావుడి లేదు. నేను అడుగులు కొలిచి చూశాను, పన్నెండడుగులకు ఒక అడుగు చొప్పున దిగుతోంది. చివరి దాకా అదే లెక్క.

"యంత్రం పెట్టకుండా ఎలా కుదిరిందే?"

"ఏప్రిల్ అంతా దీని మీదే నడిచాను అత్తయ్యా. ఎక్కడ కాలికి హాయిగా ఉంటే అక్కడ ముగ్గు పోశాను. ఒక్క చెట్టు కొట్టలేదు. ఈ భుజం చుట్టూ తిరిగే ముక్క ఉందే, మొన్నీమధ్యే తవ్వడం అయింది, దీని కోసమే మిగతా అంతా."

దిగువన గొంగడి భుజాన వేసుకున్న ఒకామె మేకలతో కనిపించింది. పేరు మల్లవ్వ. పార్కు వద్దన్న వాళ్లలో మొదటి గొంతు ఆమెది. ఆమె వెనక కాలేజీ మేష్టారు నర్సయ్యగారు, కొందరు కుర్రవాళ్లు 'గుట్టను గుట్టలాగే ఉండనిద్దాం' అన్న బోర్డు పాతుతున్నారు. నర్సయ్యగారు నాకు మర్యాదగా నమస్కారం పెట్టి, ఇక్కడ నెమళ్లు గుడ్లు పెట్టే చోట్లు చూపించారు. ఆయన చెప్పినదాంట్లో నాకు అబద్ధం కనిపించలేదు.

మల్లవ్వ మాత్రం సూటిగా సునందనే అడిగింది. "సైకిల్ రయ్యిమని అస్తే మేకలు బెదిరి కాళ్లు ఇరగ్గొట్టుకుంటయి. గప్పుడు నువ్వు మోస్తవా?"

"పొద్దున మేకలకు, మధ్యాహ్నం సైకిళ్లకు అన్నా కదా పెద్దవ్వా."

"మేకకు గడియారం కొనియ్యి మరి."

కుర్రవాళ్లలో ఒకడు గొంతు పెంచాడు. "నీళ్లు ఆల్లే కొంటవోయిరి, కొలువులు ఆల్లే కొంటవోయిరి. ఇగ గుట్ట గూడనా?"

పట్టుకుపోయారన్నది మా కోస్తావాళ్లని. సునంద మొహం ఎర్రబడింది. నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. మల్లవ్వ వాడి వైపు తిరిగింది. "నోరు ముయ్యిరా. ఆమె మన రాజేశం పెండ్లాం. నాకు గుట్ట పంచాయితీ ఉన్నది, గంతే. నడుమ నీ పంచాయితీ తేకు."

తర్వాత నన్ను చూసి, "మీ బిడ్డనా?" అంది. మేనకోడలన్నాను. "మొండిది" అంది. అవునన్నాను. ఒడిలోంచి రెండు సీతాఫలాలు తీసి నా చేతిలో పెట్టింది.

వాన

శనివారం మధ్యాహ్నం మబ్బు కమ్మి, ఒక గంటసేపు ఎడతెరిపి లేకుండా కురిసింది. మేము అప్పటికి తూర్పు ఊరి చివర చాయ్ కొట్టులో ఉన్నాం. వాన ఇంకా పూర్తిగా తగ్గకుండానే ఊళ్లోంచి జనం గొంగళ్లు, ప్లాస్టిక్ సంచులు కప్పుకుని, పారలు పట్టుకుని గుట్ట వైపు నడుస్తున్నారు. ఇంటికొకరు. ఇది ఆ ఊరి ఆచారమట. పెద్ద వాన పడ్డ ప్రతిసారీ గుట్ట మీది ఒర్రె దారిలో పడిన ఆకులూ రాళ్లూ తీసి, నీళ్లు ఊరి కుంటలోకి సాఫీగా వచ్చేలా చేస్తారు. ఒర్రె అంటే వాన నీటి చిన్న పాయ. ఆ కుంట నిండితేనే ఊళ్లో బావులు ఊరతాయి, నాట్లు బతుకుతాయి.

సునంద కూడా ఒక పార అడిగి తీసుకుంది. నేను గొడుగు పట్టుకుని వెనకాల వెళ్లాను.

ఒర్రె దగ్గరికి వెళ్లి అందరూ నిలబడిపోయారు. అందులో చీలమండ లోతు నీళ్లు కూడా లేవు. అంత వానకి మోకాలి లోతు రావాలట. పైన ఎక్కడో రాయి అడ్డం పడిందనుకుని ఎక్కారు. రాయి లేదు. సునంద బాట ఉంది. తూర్పు వాలు మీద పడ్డ నీళ్లన్నీ బాటలోకి దిగి, చక్కగా కట్టిన కాలువలో లాగా, ఎర్రగా, నిమ్మళంగా, గుట్ట భుజం చుట్టూ తిరిగి పడమటి వైపుకి వెళ్లిపోతున్నాయి.

సైకిలుకు హాయైన వాలే నీటికీ హాయి. ఏప్రిల్లో నడిచిన మనిషికి సెప్టెంబరు నీళ్లు ఎలా కనిపిస్తాయి. నిన్న అడుగులు కొలిచి మెచ్చుకున్న నాకూ తట్టలేదు. నెమళ్లు లెక్కపెట్టిన నర్సయ్యగారికీ తట్టలేదు. మేకల కాళ్ల గురించి పోట్లాడిన మల్లవ్వకీ తట్టలేదు. అందరం తడుస్తూ ఆ నీళ్లనే చూశాం.

సునంద పారతో బాట అంచు ఒకచోట తెగ్గొట్టింది. నీళ్లు కొంచెం ఒర్రె వైపు మళ్లాయి. మల్లవ్వ వచ్చి ఇంకోచోట తెగ్గొట్టింది. చీకటి పడే దాకా ఎంత మళ్లించినా, అప్పటికే వెళ్లాల్సిన నీళ్లు వెళ్లిపోయాయి.

పడమటి ఊరి వాళ్లు

ఆదివారం పొద్దున్నే సిరిసిల్లలో రాజేశం ఇంటి ముందు రెండు మోటారుసైకిళ్లు, ఒక ట్రాక్టరు ఆగాయి. పడమటి ఊరి పెద్దమనిషి గంగారెడ్డి, ఆయనతో ఎనిమిది మంది. కొబ్బరికాయ, శాలువా తెచ్చారు. శాలువా సునందకు కప్పారు.

"మా కుంట నిండి అలుగు దూకి ఎన్నేండ్లయిందో అమ్మా. నిన్న దూకింది" అన్నాడు గంగారెడ్డి. కళ్లు తుడుచుకున్నాడు కూడా. నాటకం కాదు. "నీ బాట ఎవ్వడు ముట్టకుంట మేం జూస్కుంటం. గుట్ట పడమటి దిక్కు మా శివారే. తీర్మానం రాసిస్తం. పార్కు గేటు మా దిక్కు పెట్టుకో. రెండెకరాల జాగ గూడ ఇస్తం."

నెలల తరబడి సునంద అడుక్కుంటున్న తీర్మానం అది. గుమ్మంలోకి నడిచి వచ్చింది. రాజేశం తలుపు దగ్గర నిలబడి ఆమెనే చూస్తున్నాడు. చాయ్ తెచ్చే నెపంతో సునంద వంటింట్లోకి వచ్చింది. పొయ్యి వెలిగించి దాని మీద ఏమీ పెట్టలేదు.

"బాట కింద తూములు పెడితేనో?" అన్నాను. నాకూ ఆ బాట పోకూడదనే ఉంది.

"ఆలోచించాను. తూములు ఆకులతో పూడతాయి అత్తయ్యా. ఒక్క వానకి పూడితే చాలు. వాళ్లు జీవితాంతం నా తూములకు కాపలా కాయాలా?" చాయ్ గిన్నె చేతిలోకి తీసుకుని, "భుజం చుట్టూ ఉన్న ఆ ముక్క తీసేస్తే ఇక బెంగళూరు వాళ్లెవరూ రారు. కింద మన నేల మీద చిన్న చుట్టు మిగులుతుంది. ఊరి పిల్లలు తొక్కుకోవాలి" అంది.

"రాజేశాన్ని అడిగావా?"

"రాత్రే అడిగాను. 'ఆల్ల నీళ్లు ఆల్లయి' అన్నారు."

నేను పాలు పొయ్యి మీద పెట్టాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, శాలువా మడతపెట్టి, బయటికి వెళ్లింది. గంగారెడ్డితో ఏం చెప్పిందో వంటింట్లోకి వినపడింది. "బాపూ, మీ కుంటకు నీళ్లు కావాలంటే కలెక్టరు దగ్గరికి నేనూ వస్తా, మీతో ధర్నాకూ కూర్చుంటా. ఇవి మాత్రం ఇట్ల ఇయ్యలేను."

గంగారెడ్డి వాళ్ల కుంటకి ఎన్నో ఏళ్లుగా రాని నీళ్లు వచ్చి ఒక్క రోజే అయింది. చివరికి, "శాలువా నీ తాన్నే ఉండనియ్యి బిడ్డా" అన్నాడు. చాయ్ తాగే వెళ్లారు.

సోమవారం

గుట్ట భుజం చుట్టూ ఉన్న బాటను తవ్వి మళ్లీ వాలులో కలిపేయడానికి తూర్పు ఊరివాళ్లు యాభై మంది దాకా వచ్చారు. పారలు, గడ్డపారలు, తట్టలు. నర్సయ్యగారు పాంటు మడిచి వచ్చారు. మొన్న గొంతు పెంచిన కుర్రవాడు మా ఇద్దరి వైపూ చూడకుండా, నేను ఎక్కడానికి చెయ్యి మాత్రం అందించాడు. ఎండ కాసింది. మట్టి ఇంకా మెత్తగా ఉంది.

సునంద మొదటి గడ్డపార ఎత్తబోతే మల్లవ్వ పట్టుకుంది.

"ఆగు బిడ్డా. ఇన్నొద్దులు అద్దు అద్దు అని మొత్తుకుంటిమి గని, అదేందో కండ్ల సూడనే లేదు. ఒక్కపారి నడిపి సూపియ్యి."

సునంద ఆమె మొహంలోకి చూసింది, వెక్కిరింతేమో అని. కాదు. రాజేశం అప్పటికే సైకిలు భుజాన వేసుకుని పైకి నడుస్తున్నాడు. మల్లవ్వ తన మేకలన్నిటినీ ఒక రాతి వెనక్కి తోలింది. జనం బాట పొడుగునా పారల మీద గడ్డాలు ఆనించి నిలబడ్డారు.

పై నుంచి ఆమె ఎప్పుడు బయలుదేరిందో నాకు తెలియలేదు. మొదట టైర్ల కింద మట్టి నలిగే చప్పుడు వచ్చింది. తర్వాత తూర్పు వాలు మీద పొదల పై నుంచి తల కనిపించింది. పెడలు తొక్కడం లేదు. సీటు మీద కూర్చోలేదు కూడా, మోకాళ్లు కొంచెం వంచి నిలబడి ఉంది. రాళ్లు వస్తే ఒళ్లు వాటిని దాటనిస్తోంది. భుజం మలుపు దగ్గర మొత్తం మనిషీ సైకిలూ గుట్ట వైపుకి వాలాయి. ఎంత వాలాయంటే ఆమె చెయ్యి చాస్తే తంగేడు పూలు అందుతాయి. మా ముందు నుంచి వెళ్లినప్పుడు నవ్వుతోంది. అది మాకోసం నవ్విన నవ్వు కాదు. ఆ పిల్లను పుట్టినప్పటి నుంచి ఎరుగుదును, ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. రాజేశం చూసే ఉంటాడు. ఆయన మగ్గాలు అమ్మింది దానికేనని నాకు అర్థమైంది.

మలుపు తిరిగి కనుమరుగైంది. చప్పుడు కూడా ఆగిపోయింది.

రాతి వెనక ఒక మేక అరిచింది. సునంద సైకిలు నడిపించుకుంటూ, రొప్పుతూ, మళ్లీ పైకి వచ్చింది. సైకిలు పక్కన పడేసి గడ్డపార అందుకుంది.

మల్లవ్వ దాన్ని ఆమె చేతిలోంచి తీసి తన వెనక పెట్టుకుంది. "నేను అటు తిరిగి సూస్తున్న, సగమే కనవడ్డది. ఇంకోపారి."

ఆమె తర్వాత నర్సయ్యగారు తనకు రాయి అడ్డం వచ్చిందన్నారు. మలుపు అవతల నిలబడ్డ వాళ్లు తమకు అసలు మొదలే కనిపించలేదన్నారు. ఆ రోజు తవ్వడం మొదలయ్యేసరికి మధ్యాహ్నం దాటింది.